రాయిని ముట్టుకోనివ్వండి

మైలవరం డ్యాం పక్కనున్న రాతి బొమ్మలను చూపు లేనివాళ్లకూ చూపించవచ్చు. అందుకు కావాల్సిన రాయి, ఉలి, పనితనం అన్నీ ఈ చుట్టుపక్కలే ఉన్నాయి.

జమ్మలమడుగు నుంచి మైలవరం డ్యాం చూడ్డానికి వెళ్లేవాళ్లు గేట్ల దగ్గర ఫొటోలు దిగి, పొద్దుంటే అట్నుంచి అటే గండికోటకు పోతారు. డ్యాం దగ్గరే రాష్ట్ర పురావస్తు శాఖ మ్యూజియం ఒకటుందన్న సంగతి చాలామందికి పట్టదు. చెబితే వచ్చే జవాబు కూడా తెలిసిందే: ‘ఆడ చూడ్డానికేముంది సామీ, రాళ్లే గదా!’

నిజమే, రాళ్లే. పెన్నా, కుందూ ఒడ్డుల వెంబడి వెయ్యేళ్లకు పైగా జనం గుళ్లు కట్టి, జైన బసదులు కట్టి, పోరులో పడిపోయినవాళ్ల పేరున రాళ్లు నాటిన సీమ ఇది. కుందూ పక్కనున్న పెద్దముడియంలో దేవతలను వరసగా చెక్కిన చిన్న రాతి ఫలకం దొరికింది. అందులో నరసింహుడు అచ్చంగా సింహమే, లక్ష్మి శ్రీవత్స రూపంలో ఉంటుంది. జమ్మలమడుగు దగ్గరి దానవులపాడులో ఇసుక మేటల కింద పూడిపోయిన జైన ఆలయాన్ని 1903లో తవ్వి తీశారు. శాంతినాథుడి అభిషేకం కోసం రాష్ట్రకూట రాజు మూడో ఇంద్రుడు చేయించిన రాతి పీఠం అక్కడిదే. ఆ శిల్పాల్లో పేరున్నవి మద్రాసు మ్యూజియానికి తరలిపోయాయి. ఈ ప్రాంతంలో దొరికిన మిగతా వాటిలో కొన్ని కడపలో 1982లో పెట్టిన భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియానికి, కొన్ని మైలవరానికి చేరాయి.

రాళ్లే కాబట్టే, చూపు లేనివాళ్లను అందరికంటే ముందు పిలవాల్సిన మ్యూజియం మైలవరందే అంటాను.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో చూపు లోపం ఉన్నవాళ్లు 50 లక్షల పైచిలుకు. వాళ్లు కూడా పెళ్లిళ్లకు పోతారు, తిరునాళ్లకు పోతారు, ఇంటిల్లిపాదితో కలిసి గండికోటకూ వస్తారు. మ్యూజియం దగ్గరికి వచ్చేసరికి మాత్రం బయట అరుగు మీద కూర్చోబెట్టి, ‘నువ్వు ఈడనే ఉండు నాయనా, పది నిమిషాల్లో వచ్చేస్తాం’ అంటారు ఇంట్లోవాళ్లు. వాళ్లను తప్పుపట్టలేం. లోపలికి తీసుకుపోయినా చేసేదేమీ లేదు. గాజు, తాడు, ‘ముట్టుకోరాదు’ అన్న బోర్డు, ఓ మూల కుర్చీలో కాపలాదారు. చేతులే కళ్లయిన మనిషికి ఆ గది ఖాళీ గదితో సమానం.

ముట్టుకోవద్దన్న నియమం ఊరికే పుట్టలేదు. చేతి చెమటలో ఉప్పు, జిడ్డు ఉంటాయి. కంచు విగ్రహం మీద వేలిముద్ర పడితే కొన్నాళ్లకు అక్కడ మచ్చ తేలుతుంది. తాళపత్రం చిట్లుతుంది, పాత బట్ట పోగులు ఊడతాయి, చిత్రం మీది రంగు లేస్తుంది. వీటి జోలికి ఎవరూ పోకూడదు, వాదన అక్కర్లేదు. సున్నపురాయి శిల్పం విషయంలోనూ జాగ్రత్త అవసరమే. అది మెత్తన, నెరిసిన చోట పొడి రాలుతుంది. గట్టి నల్లరాయి సంగతి వేరు. ఎండకు ఎండి, వానకు తడిసి, ఏటి ఇసుకలో వందల ఏళ్లు పొర్లి వచ్చిన గ్రానైట్ విగ్రహానికి, కడిగిన చేతులతో నెలకు పదిమంది తడిమితే వచ్చే నష్టం ఏపాటిది? ఏ రాయి తట్టుకుంటుందో, ఏది తట్టుకోదో చెప్పడానికి శాఖలో పరిరక్షణ నిపుణులున్నారు. వాళ్లు చూసి గీత గీయాలి. గది మొత్తానికి ఒకే బోర్డు తగిలించడం వాళ్ల పనిని బోర్డు చేత చేయించడమే.

పైగా మనకు రాయిని ముట్టుకోవడం కొత్తా? నాగులకట్ట మీది పడగలకు పసుపు రాసిన చేతులెన్ని! శివాలయంలో నంది వెనక నిలబడి, ఓ చెయ్యి దాని వీపు మీద వేసి, రెండో చేతి బొటనవేలూ చూపుడువేలూ కొమ్ముల మీద ఆనించి, ఆ సందులోంచి లింగాన్ని చూడటం మనకు అమ్మమ్మలు నేర్పిన పద్ధతి. అదే నంది పాడుబడిన గుడి నుంచి మ్యూజియానికి వచ్చిందంటే, ఆ రోజు నుంచి దాని వీపు మీద చెయ్యి వేస్తే తప్పు! నందికి ఏ మార్పూ రాలేదు, చుట్టూ గోడలు వచ్చాయంతే.

చేతులు ఎలా చూస్తాయి?

చూపున్నవాడు శిల్పాన్ని ఒక్క చూపులో మొత్తంగా పట్టుకుని, ఆ తర్వాత వివరాల్లోకి పోతాడు. చేతులది ఎదురు దారి. అవి ముక్కముక్కగా తెలుసుకుని, ఆ ముక్కలను మనసులో అతికించుకుంటూ పోతాయి. అందుకే మొదటి పని కొలత తెలియడం.

సీమ పల్లెల్లో పొలాల గట్లమీద కూడా కనిపించే వీరగల్లునే తీసుకుందాం. ముందు రెండు చేతులూ రాయి రెండు అంచుల మీద పడాలి. ఎంత వెడల్పు, ఎంత ఎత్తు, పైన గుండ్రమా కోణమా, అన్నది తేలాలి. ఆ తర్వాత ఎడమచెయ్యి ఒకచోట ఆనవాలుగా నిలుస్తుంది, కుడిచెయ్యి తిరుగుతుంది. పైకొసన ఓ గుండ్రటి బొడిపె, దాని పక్కనే వంకర గీత తగిలితే సూర్యచంద్రులని పట్టుకోవడం క్షణం పని. వాటి కింద లింగం, పక్కన చిన్న నంది. ఇదీ తేలికే. ఇంకాస్త కిందికి దిగితే, ఒక మనిషి, అతనికి రెండు వైపులా ఇద్దరు ఆడవాళ్లు. చచ్చిపోయిన వీరుణ్ని అప్సరసలు స్వర్గానికి తీసుకుపోతున్నారన్నమాట. అట్టడుగు వరసలో యుద్ధం. చేతులు తడబడేది ఇక్కడే. గుర్రం నాలుగు కాళ్లూ ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి, కత్తి ఎవరి చేతిలోదో తెలియదు, వెనకున్న మనిషి ముందున్నవాడిలో కలిసిపోతాడు. ఒకదాని వెనక ఒకటి ఉన్నట్టు చెక్కడం కంటికోసం చేసిన ఏర్పాటు, వేలికి అది అర్థం కాదు. ఆ చోట పక్కనున్న మనిషి నోరు విప్పాలి: ‘అది గుర్రం ముందుకాలు. దాని కింద పడినవాడు శత్రువు. ఇంకొంచెం పైకి రా, అదే వీరుడి కత్తి.’

ఇలా ఒక్క రాయికి పావుగంట పట్టినా పట్టొచ్చు. కళ్లున్న సందర్శకుడు అదే రాయి ముందు ఎంతసేపు నిలబడతాడో మనకు తెలుసు. కాబట్టి మ్యూజియంలో ఉన్నవన్నీ ముట్టుకోనివ్వమని ఎవరూ అడగడం లేదు. నాలుగైదు మంచి రాళ్లు ఎంచితే ఒక పూటకు సరిపోతాయి.

ఇక లేబుళ్ల సంగతి. మన మ్యూజియాల్లో కనిపించే తరహా ఇది: ‘మహిషాసురమర్దిని. నల్లరాయి. మధ్యయుగం.’ దీన్ని బ్రెయిలీలోకి మార్చి అతికించేస్తే పనైపోయిందనుకోవడం పెద్ద పొరపాటు. మూడు మాటల లేబుల్ కళ్లున్నవాడికి చాలవచ్చు, బొమ్మ ఎదుట ఉంది కాబట్టి. చూపు లేని మనిషికి అవసరమయ్యే వర్ణన వేరు. దాదాపు ఇలా ఉండాలి: ‘మీ ఎదురుగా నడుము ఎత్తు రాతిపలక ఉంది. అమ్మవారు దాని మీద నిలబడి ఉంది. కుడికాలు నేలమీద, ఎడమకాలు పడిపోయిన దున్నపోతు వీపు మీద. ఆమె కుడిచెయ్యి, అంటే మీకు ఎడమవైపు, త్రిశూలాన్ని కిందికి దింపుతోంది. త్రిశూలం వెంట వేలు పోనిస్తే దున్న మెడ తగులుతుంది. దున్న తల పక్కకు తిరిగి ఉంది, ఒక కొమ్ము విరిగిపోయింది.’ అందంగా ఉంది, అద్భుతంగా ఉంది అన్న మాటలు ఇందులో పనికిరావు. ఆ తీర్పు వినేవాళ్లకు వదిలెయ్యాలి.

ఇటువంటి వర్ణనను తెలుగులో, కుదిరితే కడప యాసలోనే, రికార్డు చేసి ఫోన్లో వినిపించడానికి ఇవాళ ఖర్చేమీ లేదు. క్యూఆర్ కోడ్ అతికిస్తే చాలదా అంటారు. ఆ కోడ్ గోడమీద ఎక్కడుందో చూపు లేని మనిషికి ఎలా తెలుస్తుంది? దాని చుట్టూ వేలికి తగిలే ఉబ్బెత్తు అంచు పెట్టాలి, అన్ని రాళ్ల దగ్గరా ఒకే ఎత్తులో, ఒకే పక్కన పెట్టాలి. ఇలాంటివి చూపు లేనివాళ్లను పిలిచి అడిగితే మొదటి రోజే చెబుతారు. అడగకుండా చేసిన ఏర్పాట్లే రిబ్బన్ కత్తిరింపుతో ఆగిపోతాయి.

బ్రెయిలీ వద్దని కాదు, తప్పకుండా ఉండాలి. మన భాషలన్నింటికీ ఉమ్మడి చుక్కలుగా భారతి బ్రెయిలీ 1951లో ఖాయమైంది. తెలుగు ‘క’, హిందీ ‘క’, కన్నడ ‘క’ అన్నీ వేలికింద ఒకే రెండు చుక్కలు. బళ్లారి నుంచి వచ్చిన కన్నడ పిల్లవాడి వేళ్లకు కూడా మైలవరంలోని తెలుగు పలక మీది దాదాపు ప్రతి అక్షరమూ చిక్కుతుంది. కాకపోతే షుగరు వల్లో, గ్లకోమా వల్లో నడివయసు దాటాక చూపు పోయినవాళ్లలో ఎక్కువమందికి బ్రెయిలీ రాదు. చూపు పూర్తిగా పోనివాళ్లు అంతకంటే ఎక్కువ. వాళ్లకు కావాల్సింది పెద్ద అక్షరాలు, లేతరంగు మీద ముదురు రాత, కళ్లలోకి కొట్టని దీపం. ఈ మూడూ కళ్లజోడు పెట్టుకున్న ప్రతి పెద్దాయనకూ పనికొస్తాయి.

ముందే చేసి చూపించినవాళ్లు

ఇది ఎవరూ చేయని సాహసమేమీ కాదు. ఇంగ్లండులోని సండర్లాండ్ మ్యూజియంలో చార్ల్టన్ డీస్ అనే క్యూరేటర్ 1906లోనే అంధుల బడి పిల్లలను పిలిపించి, వస్తువులను చేతికిచ్చి చూపించాడు. తర్వాత పెద్దవాళ్లనూ పిలిచాడు. గ్రీసులో, ఏథెన్స్‌లో అంధుల సంస్థ 1984లో స్పర్శ మ్యూజియం పెట్టింది. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఈజిప్టు రాతి విగ్రహాల్లో కొన్నింటిని చూపు లేనివాళ్లు ఇప్పటికీ స్వయంగా తడమవచ్చు. వేల ఏళ్లనాటి అసలు రాళ్లవి, నకళ్లు కావు.

నాకు అన్నింటికంటే నచ్చింది ఇటలీ కథ. ఆంకోనా నగరంలో ఆల్డో గ్రస్సీని, డానియెలా బొత్తెగోని అని భార్యాభర్తలు, ఇద్దరికీ చూపు లేదు. దేశాలు తిరగడమంటే ప్రాణం. ఏ ఊరి మ్యూజియానికి పోయినా ముట్టుకోవద్దనే మాటే. చివరికి వాళ్లు ఎవరినీ బతిమాలకుండా, ముట్టుకునే మ్యూజియం ఒకటి మన ఊళ్లోనే పెడదామని పట్టుబట్టారు. 1993లో ఒమెరో స్పర్శ మ్యూజియం తెరుచుకుంది, 1999లో అది ప్రభుత్వ మ్యూజియమైంది. గుడ్డివాడని చెప్పుకునే గ్రీకు కవి హోమర్ పేరే దానికి పెట్టారు. మైకెలాంజెలో డేవిడ్ తల అచ్చు, పార్థెనాన్ గుడి నమూనా అక్కడ చేతికందుతాయి.

మన దగ్గర ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో 2015 డిసెంబరులో ‘అనుభవ్’ అన్న పేరుతో స్పర్శ గ్యాలరీ మొదలైంది. 22 ప్రతిరూపాలు, బ్రెయిలీ, ఆడియో. మంచి పనే. కానీ ప్రొద్దుటూరు అంధ విద్యార్థికి ఢిల్లీ ఎంత దూరం? అతని ఊరికి బస్సు దూరంలో, అతని తాతలు చెక్కిన రాళ్ల సంగతేమిటి?

చట్టం కూడా ఉంది, ఊరికే దయ అడగాల్సిన పని లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్ కళలను వాళ్లకు అందుబాటులోకి తేవడం ప్రభుత్వ బాధ్యతల్లో ఒకటిగా పెట్టింది. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. అందుబాటు ప్రమాణాలు వీలైతే పాటించే సలహాలుగా ఉంటే కుదరదు, తప్పనిసరి నియమాలుగా చేయండని కేంద్రానికి చెప్పింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక హైదరాబాదు నల్సార్ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రం తయారుచేసింది. ఆ చట్టం, ఈ తీర్పు ర్యాంపు దగ్గరే ఆగిపోతే ప్రయోజనం సగమే. చక్రాల కుర్చీ లోపలికి వస్తుంది సరే, చూపు లేనివాడు లోపలికి వచ్చి ఏం చేయాలి?

ఆళ్లగడ్డ ఉలి

నకళ్లు అనగానే అందరి నోటా త్రీడీ ప్రింటింగ్ మాట. ప్లాస్టిక్ బొమ్మ చేతికిస్తే ఆకారం తెలుస్తుంది, అంతవరకు మేలే. రాయి చల్లదనం, బరువు, ఉలి గాటు, పాలిష్ పట్టిన చోటికీ పట్టని చోటికీ తేడా మాత్రం దానిలో దొరకవు. చేతులతో చూసేవాళ్లకు ఆ తేడాలే రంగులు.

మైలవరానికి ఈ చిక్కు లేదు. పక్కనే ఆళ్లగడ్డ ఉంది. అక్కడి రాతి చెక్కడానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. గుడికి కొత్త విగ్రహం కావాలన్నా, రోడ్డు మీద నాయకుడి విగ్రహం కావాలన్నా అందరూ అక్కడికే పోతారు. మ్యూజియంలోని మెత్తటి సున్నపురాయి శిల్పాలు, మద్రాసుకు పోయిన దానవులపాడు శిల్పాలు, పెద్దముడియం ఫలకం, వీటి ప్రతిరూపాలు నల్లరాతిలో చెక్కమని ఆ స్థపతులకే అప్పగించవచ్చు. కాళ్లు, చేతులు కలిసిపోయి వేలికి అర్థం కాని చోట, కొంచెం లోతు పెంచి చెక్కడం వాళ్లకు చేతనైన పనే. ఫలకాన్ని రెండింతలు పెద్దదిగా చేస్తే చిన్న దేవతలు కూడా విడివిడిగా తగులుతారు.

శాసనాల దగ్గరికి వస్తే నాకు ఇంకా ఉత్సాహం. తెలుగులో దొరికిన తొలి రాతి శాసనంగా చెప్పే కలమళ్ల శాసనం ఎర్రగుంట్ల మండలంలోదే, చెన్నకేశవాలయంలోది. రేనాటి చోళుడు ధనంజయుడిది, సుమారు క్రీ.శ. 575 నాటిది. రాతిలోకి తొలిచిన అక్షరం వేలికి దారి చూపిస్తుంది. బ్రాహ్మీలిపి ‘క’ కూడిక గుర్తులా ఉంటుంది, నిలువు గీత ఒకటి, అడ్డగీత ఒకటి. అది రేనాటి చోళుల కాలానికి ఎలా మారిందో, ఇప్పటి ‘క’ తలకట్టు ఎక్కడ పుట్టిందో మూడు నాలుగు పలకల మీద వరసగా చెక్కి, పక్కన బ్రెయిలీ ‘క’ రెండు చుక్కలూ పెడితే, రెండు వేల ఏళ్ల అక్షరాల నడక ఒక మూరెడు పొడవులో చేతికందుతుంది. చూపున్న పిల్లలు కూడా ఆ పలకను వదిలిపెట్టరని పందెం కాస్తాను.

శాసన నిపుణులు ఎస్టాంపేజీ తీసే పద్ధతి కూడా చేతులకు సంబంధించిందే. రాయిని కడిగి, తడి కాగితం పరిచి, బ్రష్షుతో కొట్టి కొట్టి కాగితాన్ని అక్షరాల గాట్లలోకి దించుతారు. పైన సిరా అద్దితే గాట్లు తెల్లగా మిగిలి, తక్కినదంతా నల్లబడుతుంది. ఆరాక ఊడదీసి వెనక్కి తిప్పితే అక్షరాలు ఉబ్బెత్తుగా, ఎడమకుడిగా తగులుతాయి. ఒక శాసన నకలు రాయి దగ్గర పెట్టి, అంధ విద్యార్థుల చేతనే ఈ పని చేయించవచ్చు. సిరా అద్దడానికి మాత్రం పక్కన తోడు కావాలి.

గండికోటకు కూడా ఒక మాట. ఆ లోయను చూసి అబ్బా అననివాళ్లు లేరు. పక్కనే నిలబడి గాలి మాత్రమే తగిలించుకునే మనిషికి ఆ అబ్బా ఎందుకో తెలియాలంటే ఒక్కటే మార్గం: మైలవరం మ్యూజియంలో పెన్నా లోయ నమూనా. కొండ గుండా నది కోసుకుపోయిన తీరు, ఒడ్డున కోట, కింద మైలవరం జలాశయం, ఇంకా కిందికి జమ్మలమడుగు, దానవులపాడు. కడప బండ పొరలు పొరలుగా చీలే రాయి. ఆ పొరలనే ఒకదానిమీద ఒకటి పేర్చి లోయ కడితే, నిజమైన లోయ గోడలకు అంతకంటే దగ్గరి పోలిక దొరకదు. గేటు నుంచి శిల్పాల వరకు దారి చూపడానికి కూడా ఆ బండలే చాలు. రైల్వే ప్లాట్‌ఫారాల మీద కనిపించే పసుపుపచ్చ గీతల పలకలను జపాన్‌లో సెయిచి మియాకే 1965లో కనిపెట్టాడు, 1967లో ఒకాయామాలో తొలిసారి పరిచారు. ఆ గీతలే ఉలితో బండమీద కొడితే పని అయిపోతుంది.

ఇంత చేశాక మనుషులు కావాలి. రాయి పక్కన నిలబడి, చెయ్యి పట్టి లాగకుండా, తన మోచెయ్యి అందించి నడిపించే ఒక్క ఉద్యోగి ఉంటే మ్యూజియం నడుస్తుంది, లేకపోతే పలకల మీద దుమ్ము పేరుకుంటుంది. చేతులు కడుక్కోవడానికి కుళాయి, ఉంగరాలు, గడియారం తీసిపెట్టుకోవడానికి చిన్న అర. బ్రెయిలీ పలకల్లో చుక్కలు అరిగాయేమో ఏడాదికోసారి చదివి చెప్పడానికి చూపు లేని మనిషికే జీతమిచ్చి పెట్టుకోవాలి. ఆ ఉద్యోగానికి అంతకంటే అర్హులు ఎవరుంటారు?

పురావస్తు శాఖకు, జిల్లా యంత్రాంగానికి ఒకటే మనవి. ఏటా డిసెంబరు 3న దివ్యాంగుల దినోత్సవం జరుపుతారు. సభ, శాలువా, పండ్ల పంపిణీ ఎటూ ఉంటాయి. వచ్చే డిసెంబరు 3కి జిల్లాలోని అంధ విద్యార్థులను ఒక బస్సులో మైలవరం తీసుకురండి. నిపుణులు సరేనన్న నాలుగు రాళ్లు ముందే ఎంచి పెట్టండి. పెద్ద ప్రాజెక్టు నివేదికలు తర్వాత రాసుకోవచ్చు, ఆ పిల్లలు ఏ రాయి దగ్గర ఎక్కువసేపు ఆగారో, ఎక్కడ తడబడ్డారో రాసి పెట్టుకుంటే నివేదికలో సగం అక్కడే తయారవుతుంది.